సొరియాసిస్ - కొవ్వు కాలేయం: మందుపై మోపిన నింద నుంచి వ్యాధుల బంధం వరకు

వ్యాస సంగ్రహం:
సొరియాసిస్ దీర్ఘకాలిక చర్మవ్యాధి. కొవ్వు కాలేయం జీవక్రియకు సంబంధించిన వ్యాధి. ఈ రెండూ ఒకే రోగిలో తరచుగా కలిసి ఉంటాయన్న విషయం 2000 తరువాతి దశకంలో గాని వైద్యశాస్త్రంలో స్థిరపడలేదు. నిజానికి సొరియాసిస్ రోగుల కాలేయాలను వైద్యులు అంతకు ముందు మూడు దశాబ్దాలుగా సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తూనే ఉన్నారు. అక్కడ కనిపించిన కొవ్వును వారు ప్రధానంగా మెథోట్రెక్సేట్ అనే మందు చేసిన హానిగా లెక్కించారు. కళ్లెదుట ఉన్న సాక్ష్యం వ్యాధుల సంబంధంగా గుర్తింపు పొందడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందో ఈ వ్యాసం చారిత్రక క్రమంలో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: సొరియాసిస్, కొవ్వు కాలేయం, మెథోట్రెక్సేట్, యల్లాప్రగడ సుబ్బారావు, కాలేయ బయాప్సీ, వైద్య చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
వైద్యచరిత్ర రచనలో కొత్త మందుల ఆవిష్కరణకు, సూక్ష్మజీవుల గుర్తింపునకు దక్కిన చోటు వ్యాధుల మధ్య సంబంధాల చరిత్రకు దక్కలేదు. ఒక సూక్ష్మజీవిని కనుగొన్న రోజును చెప్పవచ్చు. రెండు వ్యాధులు కలిసి వస్తాయన్న ఎరుకకు అటువంటి ఒక్క రోజు ఉండదు. అది వేర్వేరు విభాగాల వైద్యులు, వేర్వేరు పత్రికల్లో, వేర్వేరు ప్రయోజనాల కోసం నమోదు చేసిన సమాచారం నుంచి మెల్లగా రూపుదిద్దుకుంటుంది. సొరియాసిస్‌కు, కొవ్వు కాలేయానికి మధ్య ఉన్న సంబంధం ఇందుకు చక్కని ఉదాహరణ.

ఈ చరిత్రకు ఆచరణాత్మకమైన ప్రాధాన్యం కూడా ఉంది. కాలేయంలోని కొవ్వు మందు వల్ల వచ్చిందనుకుంటే వైద్యుడు మందు ఆపుతాడు. అది రోగి శరీరంలోని జీవక్రియా లోపం వల్ల వచ్చిందనుకుంటే బరువు, రక్తంలోని చక్కెర, కొవ్వుల సంగతి చూస్తాడు. మొదటి నిర్ణయం పొరపాటైతే రోగి చవకైన, పనిచేసే మందును కోల్పోతాడు. అతని కాలేయవ్యాధి మాత్రం చికిత్స లేకుండా అలాగే ఉండిపోతుంది.

2. రెండు వ్యాధులు - రెండు వేర్వేరు చరిత్రలు:
సొరియాసిస్‌ను కుష్ఠువు నుంచి వేరుచేసి చూడడానికి పాశ్చాత్య వైద్యానికి చాలా కాలం పట్టింది. ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ విల్లన్ 1808లో చర్మవ్యాధులపై తాను వెలువరించిన గ్రంథంలో పొలుసుల వ్యాధిని స్పష్టంగా వర్ణించాడు. అయినా దాని ఒక రూపానికి కుష్ఠును సూచించే ‘లెప్రా’ అన్న పేరునే ఉంచాడు. 1841లో వియన్నా వైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా ఇవన్నీ ఒకే వ్యాధికి రూపాలని, కుష్ఠువుతో వాటికి సంబంధం లేదని నిర్ధారించాడు. ఆ తరువాత సుమారు ఒకటిన్నర శతాబ్దం పాటు సొరియాసిస్ చర్మానికి, కీళ్లకు పరిమితమైన వ్యాధిగానే పాఠ్యగ్రంథాల్లో నిలిచింది.

కొవ్వు కాలేయం చరిత్ర మరొక దారిలో నడిచింది. 1836లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ కాలేయంలో కొవ్వు చేరడాన్ని మద్యపానంతో ముడిపెట్టి వర్ణించాడు. ఆ ముడి చాలా గట్టిగా పడింది. కాలేయంలో కొవ్వు కనిపిస్తే రోగి తాగుతాడన్న అనుమానమే ముందు వచ్చేది. స్థూలకాయుల కాలేయాలపై 1952లో జెల్మన్ ప్రచురించిన పరిశీలన వంటివి వచ్చినా, మద్యంతో సంబంధం లేని కొవ్వు కాలేయానికి ప్రత్యేక వ్యాధిగా గుర్తింపు రాలేదు. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్, ఆయన సహచరులు 20 మంది రోగుల కాలేయాలను వర్ణించి, మద్యపానం లేకుండానే కొవ్వుతోపాటు వాపు ఏర్పడే స్థితికి ఒక పేరు పెట్టారు. వారు పరిశీలించిన వారిలో ఎక్కువమంది స్థూలకాయులు. పలువురికి మధుమేహం ఉంది.

ఈ కాలక్రమం చర్చకు కీలకం. సొరియాసిస్ రోగుల కాలేయాలను పెద్దసంఖ్యలో పరిశీలించడం మొదలైన 1960-70ల నాటికి, అక్కడ కనిపించే కొవ్వుకు పెట్టదగిన మూడవ పేరు వైద్యుల వద్ద లేదు. అప్పటికి తెలిసిన ప్రధాన కారణాలు రెండే: మద్యం లేదా మందు.

3. అమినోప్టెరిన్ నుంచి మెథోట్రెక్సేట్ వరకు:
ఆ మందు పుట్టుకలో ఒక తెలుగు శాస్త్రవేత్త పాత్ర ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో జీవరసాయన పరిశోధన చేశారు. 1940లో లెడర్లే సంస్థలో చేరి, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన నిర్దేశకత్వంలోని రసాయనశాస్త్ర బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరోధులుగా పనిచేసే పదార్థాలను కూడా రూపొందించింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి తాత్కాలికంగా మేలు కలిగిందని 1948లో ప్రకటించాడు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు మరణించారు.

ఫోలిక్ ఆమ్ల విరోధులు చర్మవ్యాధికి ఉపయోగపడతాయని అప్పటికి ఎవరూ ఊహించలేదు. 1951లో గబ్నర్, ఆయన సహచరులు కీళ్లవాతం, సొరియాసిస్ రోగుల్లో అమినోప్టెరిన్ ప్రభావంపై పత్రం ప్రచురించారు. కీళ్లకోసం ఇచ్చిన మందుతో చర్మంపై పొలుసులు తగ్గడం గమనించడమే ఈ చికిత్సకు మూలం. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ త్వరలోనే దాని స్థానాన్ని ఆక్రమించింది. 1958లో ఎడ్మండ్‌సన్, గై సొరియాసిస్ చికిత్సలో ఫోలిక్ ఆమ్ల విరోధుల ఫలితాలను వివరించారు. 1970ల ఆరంభంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రమైన సొరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ వాడకాన్ని ఆమోదించింది.

4. కాలేయంపై అనుమానం - బయాప్సీ నియమాలు:
మందుపై అనుమానం నిరాధారమైనది కాదు. ఫోలిక్ ఆమ్ల విరోధులు వాడిన రక్తక్యాన్సర్ పిల్లల కాలేయాల్లో గట్టిపడిన కణజాలం కనిపించిందని 1955లోనే కోల్‌స్కీ బృందం నమోదు చేసింది. 1971-72లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాల్, ఆయన సహచరులు సొరియాసిస్ రోగులపై ప్రచురించిన పరిశీలనల్లో, మందును రోజూ కొద్దికొద్దిగా ఇవ్వడం కన్నా వ్యవధినిచ్చి ఇవ్వడం కాలేయానికి తక్కువ హాని చేస్తుందని తేలింది. 1971లోనే వైన్‌స్టీన్, ఫ్రాస్ట్ 12 గంటల వ్యవధితో మూడు మోతాదులను వారానికి ఒకసారి మాత్రమే ఇచ్చే పద్ధతిని ప్రతిపాదించారు. తరువాతి కాలంలో వారానికొకసారి పద్ధతే స్థిరపడింది.

1972 నుంచి రోనిగ్క్, ఆయన సహచరులు సొరియాసిస్‌లో మెథోట్రెక్సేట్ వాడకానికి వరుసగా మార్గదర్శకాలు వెలువరించారు. వాటిలో కాలేయ బయాప్సీకి ప్రధాన స్థానం లభించింది. 1980ల నాటికి శరీరంలోకి వెళ్లిన మందు మొత్తం సుమారు 1.5 గ్రాములకు చేరినపుడు బయాప్సీ చేయాలన్నది ప్రామాణిక నియమమైంది. వారానికి 15 మిల్లీగ్రాములు తీసుకునే రోగి 100 వారాల్లో, అంటే రెండేళ్లలోపే, ఈ పరిమితిని చేరుకుంటాడు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి కాలేయపు ముక్క తీసే ఈ పరీక్షలో నొప్పి, రక్తస్రావం, అరుదుగా ప్రాణాపాయం కూడా ఉంటాయి.

బయాప్సీ ఫలితాలను చదవడానికి రోనిగ్క్ పేరుతో ఒక కొలమానం వాడుకలోకి వచ్చింది. అందులో మొదటి స్థాయిలో స్వల్పంగా కొవ్వు, రెండవ స్థాయిలో మధ్యస్థం నుంచి తీవ్రంగా కొవ్వు, మూడవ స్థాయిలో కణజాలం గట్టిపడడం, నాలుగవ స్థాయిలో సిరోసిస్ ఉంటాయి. మొదటి రెండు స్థాయిలలో మందు కొనసాగించవచ్చు. కొలమానం ఆచరణకు అనువైనదే. అయితే మందు కొనసాగించాలా, మానాలా అన్న ఒక్క ప్రశ్నకే అది సమాధానం చెబుతుంది. కొవ్వును మందు హానికి తొలిమెట్టుగా పట్టికలో చేర్చినపుడు, ఆ కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు తావుండదు. తరువాతి మార్గదర్శకాల్లో స్థూలకాయం, మధుమేహం ప్రమాద కారకాలుగా చేరిన మాట నిజమే. అవి కూడా మందు హానిని పెంచే అంశాలుగానే చేరాయి. రోగికి స్వతంత్రంగా ఉన్న కాలేయవ్యాధికి గుర్తులుగా కాదు.

5. మందు తాకని కాలేయాలు:
ఈ దృష్టికి ఎదురునిలిచే సాక్ష్యం అదే కాలంలో, అదే పరీక్షల నుంచి లభించింది. చికిత్సకు ముందు కూడా బయాప్సీ చేయాలన్న నియమం వల్ల, మెథోట్రెక్సేట్ ఒక్క మోతాదైనా తీసుకోని సొరియాసిస్ రోగుల కాలేయాలు పరిశోధకుల ముందుకు వచ్చాయి. 1976లో డెన్మార్క్‌కు చెందిన నైఫోర్స్, పౌల్సెన్ అటువంటి 123 మంది రోగుల కాలేయ బయాప్సీ ఫలితాలను ప్రచురించారు. మందు తాకని ఆ కాలేయాల్లోనూ కొందరిలో కొవ్వు చేరిన మార్పులు ఉన్నాయి.

ఈ పరిశీలన ఉద్దేశం మందు హానిని కొలవడానికి ఒక ప్రారంభరేఖను ఏర్పరచడం. అందువల్ల మందుకు ముందున్న కొవ్వు, తరువాతి కొవ్వు నుంచి తీసివేయవలసిన అంకెగా మిగిలింది. సొరియాసిస్ రోగుల కాలేయంలో కొవ్వు ఎందుకుందన్న ప్రశ్న ఒక పరిశోధనాంశంగా ఎదగలేదు. లుడ్విగ్ పత్రానికి నాలుగేళ్ల ముందు, కొత్త వ్యాధిని చూపగల సమాచారం చర్మవైద్యుల చేతిలోనే ఉంది. దానిని ఇమిడ్చే వర్గీకరణ మాత్రం అప్పటికి లేదు. ఈ ఆలస్యాన్ని వ్యక్తుల అశ్రద్ధగా భావించడం న్యాయం కాదు. మందు భద్రత వారి తక్షణ బాధ్యత. ఆ బాధ్యతను వారు శ్రద్ధగానే నిర్వర్తించారు.

6. ఒకే మందు - రెండు నియమాలు:
1980లలో మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి కూడా విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. వారానికొకసారి, దాదాపు అంతే మోతాదు. ఆ రోగుల్లో తీవ్రమైన కాలేయ హాని తక్కువగా కనిపించింది. 1994లో అమెరికా కీళ్లవ్యాధి వైద్యుల సంఘం, ప్రమాద కారకాలు లేని రోగులకు క్రమం తప్పని బయాప్సీ అవసరం లేదని, రక్తపరీక్షలతో పర్యవేక్షిస్తే చాలునని సూచించింది. 1998లో సవరించిన సొరియాసిస్ మార్గదర్శకాలు మాత్రం 1 నుంచి 1.5 గ్రాముల వద్ద బయాప్సీ నియమాన్నే కొనసాగించాయి.

మందు ఒకటే అయినపుడు హానిలో తేడా మందు నుంచే రాజాలదు. రోగిలో ఏదో తేడా ఉండాలి. ఈ తర్కాన్ని కొత్త శతాబ్దపు పరిశోధకులు ముందుకు తెచ్చారు. 2001లో లాంగ్‌మన్, ఆయన సహచరులు మెథోట్రెక్సేట్ రోగుల కాలేయాల్లో కనిపించిన మార్పులు లుడ్విగ్ వర్ణించిన వ్యాధిని పోలి ఉన్నాయని, స్థూలకాయం, మధుమేహం వంటివి ఉన్నవారిలోనే అవి ప్రధానంగా కనిపిస్తున్నాయని వాదించారు. 2007లో రోజెన్‌బర్గ్ బృందం టైప్ 2 మధుమేహం వంటి కారకాలు ఉన్న సొరియాసిస్ రోగుల్లో కాలేయం గట్టిపడే ప్రమాదం ఎక్కువని చూపింది. 2009లో అమెరికా జాతీయ సొరియాసిస్ ఫౌండేషన్ ప్రమాద కారకాలు లేని రోగులకు బయాప్సీ పరిమితిని 3.5 - 4 గ్రాములకు పెంచింది. అదే 15 మిల్లీగ్రాముల లెక్కన రెండేళ్ల గడువు నాలుగున్నరేళ్ల పైకి జరిగింది.

అలాగని మందుకు పూర్తిగా మినహాయింపు ఇవ్వడం కూడా చరిత్రను వక్రీకరించడమే. గుండెపోటు వచ్చిన లేదా పలు హృదయ ధమనుల్లో వ్యాధి ఉన్న, దానితోపాటు మధుమేహమో జీవక్రియా లోపమో గల 4,786 మందికి యాదృచ్ఛిక పద్ధతిలో మెథోట్రెక్సేట్ లేదా ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, 2019లో ప్రకటించిన ప్రయోగంలో, మందు తీసుకున్నవారిలో కాలేయ ఎంజైములు ఎక్కువగా పెరిగాయి. మందుకు హాని చేసే శక్తి ఉంది. అప్పటికే కొవ్వుతో నిండిన కాలేయం ఆ హానికి మరింత లోనయ్యే అవకాశముంది. మారినది మందుపై తీర్పు కాదు, ప్రశ్న. ‘ఎంత మందు వెళ్లింది?’ అన్న ప్రశ్న పక్కన ‘ఎటువంటి కాలేయంలోకి వెళ్లింది?’ అన్న ప్రశ్న వచ్చి చేరింది.

7. సంబంధానికి గుర్తింపు:
2001లో ఇటలీకి చెందిన లొనార్డో, ఆయన సహచరులు సొరియాసిస్‌తోపాటు మద్యేతర కొవ్వు కాలేయ వాపు ఉన్న ముగ్గురు రోగులను వర్ణించారు. 2006లో జెల్ఫాండ్ బృందం సొరియాసిస్ రోగుల్లో గుండెపోటు ప్రమాదం ఎక్కువని ప్రకటించడంతో, ఈ వ్యాధిని చర్మం దాటి చూడవలసిన అవసరం వైద్యలోకంలో చర్చకు వచ్చింది.

నిర్ణాయకమైన సాక్ష్యం 2009లో ఇటలీ నుంచే వచ్చింది. వెరోనాలో జిసోండి బృందం 130 మంది సొరియాసిస్ రోగులను, వయసు, లింగం, శరీర బరువు సూచికలో వారికి సరిపోలే 260 మందితో పోల్చింది. రోగుల్లో 47 శాతం మందికి, పోల్చినవారిలో 28 శాతం మందికి కొవ్వు కాలేయం ఉంది. అదే సంవత్సరం రోమ్‌లో మియెలే బృందం పరిశీలించిన 142 మంది రోగుల్లో 59.2 శాతం మందిలో అది కనిపించింది. ఆసుపత్రులకు వచ్చే రోగుల్లో వ్యాధి తీవ్రత ఎక్కువగా ఉండవచ్చునన్న ఆక్షేపణకు 2014లో నెదర్లాండ్స్ నుంచి సమాధానం లభించింది. రోటర్‌డామ్ నగరవాసుల దీర్ఘకాల అధ్యయనంలో 55 ఏళ్లు దాటిన 2,292 మందిని అల్ట్రాసౌండ్‌తో పరీక్షించగా, సొరియాసిస్ ఉన్న 118 మందిలో 46.2 శాతం, లేనివారిలో 33.3 శాతం మందికి కొవ్వు కాలేయం కనిపించింది. ఇతర కారకాలను సరిచేసిన తరువాత కూడా సంబంధం నిలిచింది.

సాధనాల పాత్రను కూడా ఇక్కడ గుర్తించాలి. మందు వాడని రోగికి, సాధారణ పౌరుడికి సూది గుచ్చి బయాప్సీ చేయడం నైతికంగా కుదరదు. బయాప్సీ ఏకైక సాధనంగా ఉన్నంత కాలం మందు వాడేవారి కాలేయాలే ఎక్కువగా పరీక్షకు వచ్చాయి. అల్ట్రాసౌండ్ ఆ హద్దును చెరిపివేసింది. ఆరోగ్యవంతులతో పోలిక సాధ్యమైనపుడే సంబంధం అంకెల్లో బయటపడింది.

8. కారణ విచారణ:
సంబంధం ఉందని తేలడం ఒక ఎత్తు, కారణం తేల్చడం మరొక ఎత్తు. సొరియాసిస్ చర్మంలో ఉత్పత్తి అయ్యే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-17 వంటి వాపు సంకేతాలు రక్తంలోకి చేరి ఇన్సులిన్ పనితీరును మందగింపజేస్తాయని, దానితో కాలేయంలో కొవ్వు పేరుకుంటుందని ఒక వివరణ. 1993లో హోటమిస్లిగిల్ బృందం స్థూలకాయపు ఎలుకల కొవ్వు కణజాలంలోనే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా తయారై ఇన్సులిన్‌ను అడ్డుకుంటుందని చూపడం ఈ ఆలోచనకు పునాది వేసింది. 2011లో బోయెన్కె, ఆయన సహచరులు చర్మంలోని వాపు ఇన్సులిన్ నిరోధకత మీదుగా రక్తనాళాల వ్యాధికి దారితీసే క్రమాన్ని ‘సొరియాటిక్ మార్చ్’ అన్నారు. 2016లో మాంటోవాని బృందం కాలేయ-చర్మ అక్షం అన్న భావనను ప్రతిపాదించింది. రెండు అవయవాలు వాపు సంకేతాలను పరస్పరం పంపుకుంటాయన్నది దాని సారం.

జన్యు ఆధారాలు ఈ చిత్రాన్ని కొంత సవరించాయి. అధిక బరువు సొరియాసిస్‌కు కారణం కాగలదని 2019లో బుడు-ఆగ్రీ బృందం చూపింది. కొవ్వు కాలేయం తనంతట తాను సొరియాసిస్‌కు కారణం కాదని 2022లో కోపెన్‌హాగన్‌లో 1,08,835 మందిపై జరిగిన అధ్యయనం తేల్చింది. అంటే కలిసి ఉండే రెండు వ్యాధుల్లో ఒకటి రెండవదానికి తల్లి కానక్కరలేదు. రెండూ ఒకే వేరు నుంచి మొలవవచ్చు. కొవ్వును మందుకు అంటగట్టినవారు చేసిన తొందరపాటే, ఇప్పుడు చర్మపు వాపుకు పూర్తిగా అంటగట్టడంలోనూ జరగవచ్చునన్న హెచ్చరిక ఈ ఫలితాల్లో ఉంది.

9. భారతీయ సందర్భం:
పై అధ్యయనాల్లో ఎక్కువ ఐరోపా జనాభాకు సంబంధించినవి. దక్షిణ భారత సొరియాసిస్ రోగుల్లో కొవ్వు కాలేయం అధికంగా ఉందని 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. భారతదేశంలో ఈ వ్యాధి లావుగా ఉన్నవారికే పరిమితం కాదన్నది మరొక ముఖ్యాంశం. పశ్చిమ బెంగాల్ గ్రామీణ ప్రాంతంలో, ఎక్కువగా సన్నని శరీరం గల పేద జనాభాలో 8.7 శాతం మందికి కొవ్వు కాలేయం ఉందని 2010లో వెల్లడైంది. హైదరాబాదులోని ఐటీ ఉద్యోగులు 345 మందిపై 2025లో ప్రచురితమైన అధ్యయనంలో 84 శాతం మంది కాలేయాల్లో కొవ్వు ఎక్కువగా ఉంది. ఇది ఒక వృత్తివర్గపు చిత్రమే గాని మొత్తం జనాభాకు వర్తించే అంకె కాదు. 2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం మద్యేతర కొవ్వు కాలేయ వ్యాధిని అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

ఈ నేపథ్యంలో మెథోట్రెక్సేట్ చరిత్ర మనకు మరింత దగ్గరగా వస్తుంది. సొరియాసిస్‌కు ఇప్పుడు లభించే జీవసంబంధ ఔషధాలతో పోలిస్తే ఇది ఎంతో చవక. ఖరీదైన మందు కొనలేని రోగికి దీనిని అనవసరంగా ఆపడం నష్టం. సన్నగా ఉన్నాడు కదా అని కాలేయాన్ని పరీక్షించకుండా ప్రారంభించడం కూడా నష్టమే.

10. ముగింపు:
సొరియాసిస్ రోగి కాలేయంలోని కొవ్వు బిందువు 50 ఏళ్లలో పలు పేర్లు మోసింది. మొదట మద్యానికి గుర్తు. తరువాత మందు హానికి తొలిమెట్టు. ఆపైన జీవక్రియా లోపపు వ్యాధి. సూక్ష్మదర్శినిలో కనిపించినది మారలేదు. దానిని నమోదు చేసిన పట్టిక మారింది. 2023లో అంతర్జాతీయ కాలేయవైద్య సంఘాలు ‘మద్యేతర’ అన్న మాటను వదలి, జీవక్రియా లోపాన్ని పేరులోనే చేర్చడం ఆ మార్పుకు తాజా దశ. అడిసన్ వేసిన ముడి వీడడానికి 187 ఏళ్లు పట్టింది.

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది: ఒక ప్రశ్నకోసం సేకరించిన సమాచారంలో మరొక ప్రశ్నకు సమాధానం ఉండవచ్చు, 1976 నాటి 123 బయాప్సీలు ఇందుకు నిదర్శనం. రెండవది: ఒకే మందు రెండు వ్యాధుల్లో రెండు విధాలుగా ప్రవర్తిస్తే, పరిశీలించవలసినది ముందుగా రోగిని. మూడవది: విభాగాల మధ్య గోడలు జ్ఞానాన్ని ఆలస్యం చేస్తాయి. చర్మవైద్యులు, కీళ్లవైద్యులు, కాలేయవైద్యులు వేర్వేరుగా రాసుకున్న అంకెలను పక్కపక్కన పెట్టినపుడే ఈ బంధం బయటపడింది. సుబ్బారావు బృందం కృషి నుంచి వెలువడిన మందుల చరిత్రను ఆవిష్కరణ దగ్గరే ఆపకుండా, వాటిని వాడిన రోగుల శరీరాల వరకు కొనసాగించి రాయడం తెలుగులో వైద్యచరిత్ర పరిశోధకుల ముందున్న పని.